స్టోర్ రూమ్‌లో దొరికిన రెండు సాకెట్ల ఆప్టెరాన్ సర్వర్: సగం మెమరీయే కనిపిస్తోంది, సాయం చేయండి

గోదారి_ల్యాబ్ | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్స్ ల్యాబ్ చూసుకుంటాను. ఈ సెలవుల్లో స్టోర్ రూమ్ ఖాళీ చేస్తుంటే పాత టవర్ సర్వర్ ఒకటి బయటపడింది. తుక్కు కింద తూకానికి వేసే లిస్టులో ఉంది. హెచ్‌ఓడీ గారిని అడిగి ల్యాబ్‌కి తెచ్చుకున్నాను. లోపల ఏఎండీ ఆప్టెరాన్ 2218 ప్రాసెసర్లు రెండు, 2 జీబీ మెమరీ స్టిక్కులు ఎనిమిది ఉన్నాయి. దుమ్మంతా బ్లోయర్‌తో కొట్టి, బయోస్ సెల్ మార్చి ఆన్ చేస్తే మొదటిసారికే లేచింది.

ఇబ్బంది ఏమిటంటే 16 జీబీ ఉండాల్సింది 8 జీబీయే చూపిస్తోంది. రెండు రోజులుగా స్టిక్కులన్నీ తీసి, కాంటాక్టులు రబ్బరుతో తుడిచి, అటూ ఇటూ మార్చి పెడుతున్నాను. ఎలా పెట్టినా 8 జీబీయే. నాలుగు స్టిక్కులు పోయాయనుకోవాలా? ఈ రకం మెమరీ ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందా?

సీటీసీ_రెగ్యులర్ | శనివారం, రాత్రి 9:32

అన్నా, అది డీడీఆర్2 రిజిస్టర్డ్ ఈసీసీ మెమరీ, అంటే తప్పు పడిన బిట్‌ని సరిదిద్దుకునే సర్వర్ రకం. మామూలు డెస్క్‌టాప్ డీడీఆర్2 అందులో పనిచేయదు, కొనేయకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సర్వర్లు విప్పే షాపులవాళ్ళ దగ్గర అడిగితే దొరకొచ్చు. ఒకసారి మదర్‌బోర్డు ఫొటో పెట్టండి.

రాక్‌మౌంట్ | శనివారం, రాత్రి 10:05

గోదారి గారూ, మెమరీ కొనకండి, ఆగండి. ఒక్క ప్రశ్న. బయోస్‌లోగానీ, లైనక్స్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టిగానీ ఎన్ని కోర్లు కనిపిస్తున్నాయో చెప్పండి.

గోదారి_ల్యాబ్ | శనివారం, రాత్రి 10:21

రెండు సార్. 2218 అంటే డ్యుయల్ కోర్ కదా, అందుకే రెండే అనుకున్నాను. మీరు అడిగాక ఆలోచిస్తే ప్రాసెసర్లు రెండున్నప్పుడు నాలుగు చూపించాలి.

రాక్‌మౌంట్ | శనివారం, రాత్రి 10:58

అదీ సంగతి. మీ మెమరీ స్టిక్కులు నిక్షేపంగా ఉన్నాయి. రెండో ప్రాసెసర్ లేవడం లేదు. దానితోపాటే దాని మెమరీ కూడా మాయమైంది. రెండు రోగాల్లా కనిపిస్తున్నవి నిజానికి ఒకటే రోగం.

ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆప్టెరాన్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. 2003కి ముందు రెండు ప్రాసెసర్ల సర్వర్ అంటే ఎక్కువగా ఇంటెల్ జియాన్. అందులో మెమరీని నడిపించే కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉండేది కాదు, బోర్డు మీద వేరే చిప్‌లో ఉండేది. రెండు ప్రాసెసర్లూ ఒకే ఫ్రంట్ సైడ్ బస్ మీదుగా ఆ చిప్ దగ్గరికి వెళ్ళి మెమరీ తెచ్చుకోవాలి. వీధి కుళాయి ఒకటే ఉంటే బిందెల వరసలా అన్నమాట. ఇంకో ప్రాసెసర్ పెడితే ఇంకో బిందె వరసలో చేరుతుందంతే, నీళ్ళు పెరగవు.

ఆప్టెరాన్‌లో మెమరీ కంట్రోలర్‌ని తీసుకెళ్ళి ప్రాసెసర్‌లోనే పెట్టారు. ఎవరి పెరట్లో బావి వాళ్ళది. మీ బోర్డులో ఒక్కో సాకెట్ పక్కన నాలుగేసి స్లాట్లు ఉంటాయి చూడండి. ఆ నాలుగూ ఆ ప్రాసెసర్‌వే, తీగలు నేరుగా దానికే వెళ్తాయి. పక్కవాడి మెమరీ కావాలంటే ప్రహరీలో ద్వారం ఉంది, దాని పేరు హైపర్‌ట్రాన్స్‌పోర్ట్. ఆ ద్వారంలోంచి వెళ్ళి తెచ్చుకోవచ్చు, కాకపోతే కొంచెం ఆలస్యం. ఇప్పుడు రెండో ఇంటి యజమానే లేకపోతే ఆ పెరట్లో బావి ఉన్నా ఎవరికీ అందదు.

కాబట్టి రేపు రెండో సాకెట్ విప్పండి. ముందు ఒక పని: రెండో ప్రాసెసర్‌ని తీసి మొదటి సాకెట్‌లో పెట్టి చూడండి. లేచిందంటే చిప్ మంచిదే, లోపం రెండో సాకెట్‌లో ఉన్నట్టు.

కెర్నల్_కబుర్లు | ఆదివారం, ఉదయం 6:40

రాక్‌మౌంట్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి కలుపుతాను. 2218 పేరులోని మొదటి అంకె 2, అంటే రెండు సాకెట్ల దాకా పనికొస్తుందని అర్థం. 1218 అయితే ఒకటే, 8218 అయితే ఎనిమిది దాకా. 2003లో వచ్చిన మొదటి తరంలో 100, 200, 800 సిరీస్‌లుగా పెట్టారు, పద్ధతి అదే. చిప్ మీద అంకె చూడగానే బోర్డు ఎలాంటిదో తెలిసిపోయేది. ఇప్పటి మోడల్ నంబర్లు చదవాలంటే పక్కన పట్టిక పెట్టుకోవాలి.

సాకెట్ ఎఫ్‌లో పిన్నులు చిప్‌కి ఉండవు, సాకెట్‌లో ఉంటాయి. మొత్తం 1207. వేలు తగలనివ్వకండి.

నాలుగో_సెమిస్టర్ | ఆదివారం, ఉదయం 9:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఏఎండీ సర్వర్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చాలా రోజులుగా ఉన్న అనుమానం అడుగుతున్నాను. మా ల్యాబ్‌లో అన్నీ ఇంటెల్ కంప్యూటర్లే. డేబియన్ లైనక్స్ డౌన్‌లోడ్ చేస్తే ఫైల్ పేరులో ఏఎండీ64 అని ఉంది. తప్పు ఫైల్ దింపానేమోనని టెన్షన్ పడి మళ్ళీ వెతికాను, ఇంటెల్ పేరుతో 64 బిట్ ఫైలే లేదు. ఇన్‌స్టాల్ అయితే బాగానే అయింది. ఇదెలా?

కెర్నల్_కబుర్లు | ఆదివారం, ఉదయం 10:02

ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషంగా ఉందమ్మా. దీనికి జవాబు కూడా ఈ ఆప్టెరానే.

32 బిట్ ప్రాసెసర్‌లో ఒక ప్రోగ్రామ్‌కి 4 జీబీకి మించి అడ్రస్‌లు ఉండవు. 1990ల చివరికే పెద్ద డేటాబేస్‌లకి అది చాలడం లేదు. ఇంటెల్, హెచ్‌పీ కలిసి ఇటానియం అనే పూర్తిగా కొత్త 64 బిట్ ప్రాసెసర్ చేశాయి. 2001లో వచ్చింది. కానీ దాని ఇన్‌స్ట్రక్షన్లు వేరు. అప్పటిదాకా ఎక్స్86 కోసం రాసిన ప్రోగ్రామ్‌లు దాని మీద చాలా నెమ్మదిగా నడిచేవి. అంటే అందరూ ఉన్న ఇల్లు వదిలేసి కొత్త ఊరికి మారాలి.

ఏఎండీ ఉన్న ఇంటి మీదే మేడ వేసింది. పాత ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్లని అలాగే ఉంచి, రిజిస్టర్లని 64 బిట్లకి పెంచి, ఎనిమిదిగా ఉన్న సాధారణ రిజిస్టర్లని పదహారు చేసింది. 1999లో ప్రకటించి, 2000లో పూర్తి వివరాలు బయటపెట్టింది. చిప్ చేతికి రాకముందే లైనక్స్ వాళ్ళు సిమ్యులేటర్ మీద కెర్నల్‌ని సిద్ధం చేసుకున్నారు. 2003 ఏప్రిల్ 22న ఆప్టెరాన్ విడుదలైంది, ఆ నెలలోనే సూసే వాళ్ళ సర్వర్ లైనక్స్ దానికి వచ్చేసింది. పాత 32 బిట్ ప్రోగ్రామ్ పాత వేగంతోనే, ఇంకా చెప్పాలంటే ఎక్కువ వేగంతోనే నడిచేది. 64 బిట్‌కి ఎప్పుడు మారాలన్నది కొన్నవాళ్ళ ఇష్టం.

2004లో ఇంటెల్ కూడా ఇవే ఇన్‌స్ట్రక్షన్లతో, నొకోనా అనే జియాన్ తెచ్చింది. పేరు వేరుగా పెట్టుకుంది, కానీ మూలం ఏఎండీ రాసిన డిజైనే. డేబియన్ వాళ్ళు మొదట పుట్టినచోటి పేరే ఉంచేశారు. విండోస్‌లో డ్రైవర్ ఫోల్డర్లు తెరిచి చూడు, అక్కడ కూడా ఏఎండీ64 అనే ఉంటుంది. నువ్వు వాడే ఇంటెల్ కంప్యూటర్ రోజూ మాట్లాడే భాష ఈ ఆప్టెరాన్‌తో మొదలైంది.

నాలుగో_సెమిస్టర్ | ఆదివారం, ఉదయం 10:20

ఇంత కథ ఉందని అనుకోలేదు సార్. థాంక్యూ. గోదారి సార్ మెషీన్ లేస్తే ఆ రెండు బావుల సంగతి కళ్ళతో చూడొచ్చా? అంటే పక్క మెమరీ నెమ్మది అన్నది కొలవడానికి వీలవుతుందా?

రాక్‌మౌంట్ | ఆదివారం, ఉదయం 10:44

బ్రహ్మాండంగా కొలవొచ్చు. ముందు లేవనీ.

గోదారి_ల్యాబ్ | ఆదివారం, సాయంత్రం 6:30

లేచింది!!

వివరంగా చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుంది. రెండో హీట్‌సింక్‌కి రెండు స్క్రూలు. అవి తీసినా కదల్లేదు. పాత థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా అతుక్కుపోయింది. రెండో ప్రాసెసర్ నడవడం లేదు కాబట్టి దానంతట అది వేడెక్కదు. ఇంట్లోంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి అయిదు నిమిషాలు వేడిచేసి, పైకి లాగకుండా మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పితే ఊడింది. చిప్ తుడిస్తే ఓఎస్‌ఏ2218 అని నంబరు, కింద డిఫ్యూజ్డ్ ఇన్ జర్మనీ అని అక్షరాలు కొత్తవాటిలా కనిపించాయి.

రాక్‌మౌంట్ గారు చెప్పినట్టు ఆ చిప్‌ని మొదటి సాకెట్‌లో పెడితే చక్కగా బూట్ అయింది. అంటే సాకెట్‌దే తప్పు. టార్చి వేసి పక్కనుంచి చూస్తే పిన్నుల వరసలన్నీ వరి నాట్లు వేసినట్టు ఒకే వాలులో ఉన్నాయి. ఒక మూల మాత్రం రెండు పిన్నులు పక్కదాని మీదకి ఒరిగి ఉన్నాయి. మామూలు కంటికి ఆనవు. మా వీధి చివర వాచీలు బాగుచేసే బాబాయి దగ్గరికి బోర్డు మొత్తం తీసుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, వాచీ ముల్లు పట్టుకునే సన్న చిమటాతో రెండు నిమిషాల్లో నిలబెట్టేశారు. డబ్బులిస్తే తీసుకోలేదు, ఇది ఏ కంపెనీ వాచీ అని అడిగారు.

కొత్త పేస్ట్ రాసి బిగించాను. నాలుగు కోర్లు, 16 జీబీ. రెండు రోజులు మెమరీ స్టిక్కుల మీద పడ్డాను, అసలు కారణం ఇంకెక్కడో ఉంది. రాక్‌మౌంట్ గారికి చేతులెత్తి నమస్కారం.

పిక్సెల్_రెండర్ | ఆదివారం, సాయంత్రం 7:12

అభినందనలు గోదారి గారూ. ఆప్టెరాన్ పేరు వింటే నాకు 2005 గుర్తొస్తుంది. నేను అప్పుడు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో కంపోజిటింగ్, అంటే షాట్‌లోని బొమ్మల పొరలన్నీ కలిపే పని చేసేవాణ్ణి. మామూలు విండోస్‌లో ఒక ప్రోగ్రామ్‌కి 2 జీబీ దాటితే గోవిందా. పెద్ద షాట్‌ని నాలుగు ముక్కలు చేసి రెండర్ పెట్టి మళ్ళీ అతికేవాళ్ళం. రెండు ఆప్టెరాన్‌ల వర్క్‌స్టేషన్ ఒకటి తెప్పించి, దానిలో 8 జీబీ మెమరీ వేసి 64 బిట్ లైనక్స్ పెట్టారు. మొదటిసారి షాట్ మొత్తం ఒక్కసారే తెరుచుకున్న రోజు నేనూ మా టీమ్ లీడూ చాలాసేపు దాన్ని జూమ్ చేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ జూమ్ చేసి చూస్తూ కూర్చున్నాం. సర్వర్ చిప్ అంటారుగానీ మా బోటి వాళ్ళకి అది డెస్కు కింద దొరికిన వరం.

సీటీసీ_రెగ్యులర్ | ఆదివారం, రాత్రి 8:40

బాగుచేసినందుకు హ్యాట్సాఫ్ అన్నా. కానీ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పదు. దీన్ని రోజంతా ఆన్‌లో పెట్టకండి. ఒక్కో చిప్ 95 వాట్లు, పైగా ఫ్యాన్లు, రిజిస్టర్డ్ మెమరీ. ఖాళీగా ఉన్నా ఎంత తింటుందో ప్లగ్ మీటర్ పెట్టి చూడండి. ఇవాళ చేతిలో ఇమిడే మినీ పీసీ దీనికంటే ఎన్నో రెట్లు వేగం, కరెంటు పదో వంతు. ఫైల్ సర్వర్‌కో వెబ్‌సైట్‌కో కావాలంటే అది కొనుక్కోవడమే మంచిది. సెకండ్ హ్యాండ్ సర్వరే కావాలంటే జియాన్ ఈ5 వీ4 తరం కన్నా కిందికి దిగకండి.

గోదారి_ల్యాబ్ | ఆదివారం, రాత్రి 9:25

తమ్ముడూ, మీరు చెప్పింది నిజమే. మీటర్ పెట్టి చూశాను, ఖాళీగా 240 వాట్లు. రోజుకి దాదాపు ఆరు యూనిట్లు, నెలకి 170 పైన. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నెలకి దగ్గర దగ్గర 1,400. రోజంతా నడపను. వారానికి రెండు ల్యాబ్ క్లాసులప్పుడు మాత్రమే ఆన్ చేస్తాను.

దీని మీద ఏ ఓఎస్ వేయాలో చెప్పండి. ఆల్మా లైనక్స్ 9 వేయబోతే బూట్ మధ్యలోనే ఆగిపోయింది.

కెర్నల్_కబుర్లు | సోమవారం, ఉదయం 6:15

ఆగిపోవాల్సిందే, మెషీన్ తప్పేం లేదు. ఏఎండీ64 భాష పుట్టాక ఇరవై ఏళ్ళలో దానికి చాలా కొత్త మాటలు చేరాయి. వాటిని ఇప్పుడు మెట్లుగా లెక్కపెడుతున్నారు. మొదటి మెట్టు 2003 నాటిది. రెండో మెట్టుకి ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ లాంటివి కావాలి. మూడో మెట్టుకి ఏవీఎక్స్2. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9, దాని బాటలో వచ్చే ఆల్మా 9, రాకీ 9 రెండో మెట్టు నుంచే మొదలవుతాయి. రెడ్ హ్యాట్ 10 మూడో మెట్టు అడుగుతుంది. మీ 2218కి ఎస్ఎస్ఈ3 దాకానే తెలుసు. మొంగోడీబీ 5 డేటాబేస్ కూడా నడవదు, దానికి ఏవీఎక్స్ కావాలి.

డేబియన్ 12 వేయండి. అది ఇంకా మొదటి మెట్టునే పట్టుకుని ఉంది. సాకెట్ ఎఫ్ ఆప్టెరాన్‌లకి వర్చువల్ మెషీన్లకి సాయపడే ఏఎండీ-వీ ఉంది కాబట్టి లైనక్స్‌లో వాటిని నడిపే కేవీఎం కూడా నడుస్తుంది. బయోస్‌లో ఆన్ చేసుకోండి. మెమరీ పేజీల అనువాదాన్ని హార్డ్‌వేరే చూసుకునే సదుపాయం మాత్రం 2007 క్వాడ్ కోర్‌తో వచ్చింది. అందుకని ఒకటి రెండు చిన్న వర్చువల్ మెషీన్లకి మించి పెట్టకండి.

వేఫర్ | సోమవారం, ఉదయం 8:50

ఆ 2007 క్వాడ్ కోర్ పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. నేను చిప్ వెరిఫికేషన్‌లో ఉన్నాను. మా పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఇప్పటికీ నేను చెప్పే ఉదాహరణ అదే.

దాని పేరు బార్సిలోనా. నాలుగు కోర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద, అందరికీ కలిపి ఎల్3 క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీ. 2007 సెప్టెంబర్‌లో విడుదలైంది. కొద్ది నెలల్లోనే టీఎల్‌బీ (మెమరీ అడ్రస్‌ల అనువాదాలని గుర్తుపెట్టుకునే చోటు) దగ్గర ఒక లోపం బయటపడింది. ఒక పేజీ పట్టికలో ఎంట్రీ మారుతున్న ఆ క్షణంలోనే పాత నకలు ఎల్3లోకి వెళ్తే, రెండు చోట్ల రెండు మాటలు ఉండిపోతాయి. ఎప్పుడో అరుదుగా జరిగేది, కానీ వర్చువల్ మెషీన్లు ఎక్కువగా నడిపే సర్వర్లలోనే జరిగేది, అంటే కొనేవాళ్ళకి సరిగ్గా కావాల్సినచోట. బయోస్‌లో కట్టు కడితే వేగం తగ్గేది. ఏఎండీ సర్వర్లకి సరఫరా దాదాపు ఆపేసి, బీ3 అనే సరిచేసిన సిలికాన్ వచ్చేదాకా, 2008 వసంతం దాకా ఆగాల్సి వచ్చింది.

అంతకుముందు 2006లో ఆప్టెరాన్ ఎక్స్86 సర్వర్ మార్కెట్‌లో నాలుగో వంతు దాకా ఎదిగింది. ఐబీఎం, సన్, హెచ్‌పీ ముందే వచ్చాయి, 2006లో డెల్ కూడా చేరింది. అంత కష్టపడి సంపాదించిన నమ్మకం ఆ ఆరు నెలల్లో కరిగింది. డిజైన్ ఎంత గొప్పదైనా చివరి మూల దాకా పరీక్షించకపోతే ఏమవుతుందో నేను ప్రతిరోజూ పనిలో గుర్తుచేసుకుంటాను.

రాక్‌మౌంట్ | సోమవారం, ఉదయం 9:30

వేఫర్ గారూ, బార్సిలోనా దెబ్బ నిజమే. కానీ ఆప్టెరాన్‌ని అసలు పడగొట్టింది 2009 మార్చి అని నా అభిప్రాయం. ఇంటెల్ జియాన్ 5500, నెహాలెమ్ వచ్చింది. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోకి వచ్చేసింది, ప్రాసెసర్ల మధ్య నేరు దారి వచ్చేసింది, ఫ్రంట్ సైడ్ బస్ పోయింది. ఆప్టెరాన్ ఆరేళ్ళ ముందు చూపించిన దారిలోకే ఇంటెల్ వచ్చింది, వచ్చాక ఇంకా వేగంగా పరిగెత్తింది. ఆ తర్వాత ఏఎండీ ఆరు కోర్లు, పన్నెండు కోర్లు, 2011లో బుల్డోజర్‌తో పదహారు కోర్లు అంటూ సంఖ్య పెంచుకుంటూ పోయింది. బుల్డోజర్‌లో రెండేసి కోర్లకి ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్. ఒక్కో కోర్ వేగం చాల్లేదు. నేను అప్పుడు సర్వర్లు ఎంపిక చేసే పనిలో ఉన్నాను. ఆప్టెరాన్ కొనాలని ఎంత కోరిక ఉన్నా, ఒక్కో కోర్‌కి లైసెన్స్ డబ్బులు కట్టే డేటాబేస్‌కి దాన్ని సిఫార్సు చేయలేకపోయాను. ఆ ఫైల్ మీద సంతకం పెట్టిన రోజు బాధపడ్డాను.

వేఫర్ | సోమవారం, ఉదయం 9:52

ఒప్పుకుంటాను. కానీ ఆ కాలంలోనూ సూపర్ కంప్యూటర్లలో ఆప్టెరాన్ తల ఎత్తుకునే ఉంది. 2008లో లాస్ అలమోస్‌లోని రోడ్‌రన్నర్ మొదటిసారి పెటాఫ్లాప్ (సెకనుకి వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) దాటింది. లెక్కల బరువు ఐబీఎం సెల్ చిప్‌లు మోశాయి, వాటిని నడిపించింది ఆప్టెరాన్ 2210లు. గోదారి గారి 2218కి సొంత తమ్ముడే అది. 2009 నవంబర్‌లో ఓక్ రిడ్జ్‌లోని జాగ్వార్ పూర్తిగా ఆరు కోర్ల ఆప్టెరాన్‌లతో ప్రపంచంలో మొదటి స్థానం తెచ్చుకుంది. 2012లో అదే చోట టైటన్, 18,688 నోడ్‌లు, ఒక్కో నోడ్‌లో ఒక పదహారు కోర్ల ఆప్టెరాన్, ఒక ఎన్విడియా జీపీయూ.

మన ఊరి సంగతి కూడా ఒకటుంది. 2006 ప్రాంతంలో సెమ్‌ఇండియా అనే సంస్థ ఏఎండీ టెక్నాలజీ తీసుకుని శంషాబాద్ దగ్గర ఫ్యాబ్ సిటీలో చిప్‌ల ఫ్యాక్టరీ పెడుతుందని పేపర్ల నిండా వార్తలు. నేను అప్పుడు బీటెక్ చదువుతున్నాను. ఈసీఈలో చేరినవాళ్ళందరికీ అదే ఆశ. ఆ ఫ్యాక్టరీ రాలేదు. మీ చిప్ మీద జర్మనీ అని ఉందన్నారు కదా, అది డ్రెస్డెన్. ఆ అక్షరాల చోట హైదరాబాద్ అని చదవాలని మా క్లాసంతా కలలు కన్నాం.

పిక్సెల్_రెండర్ | సోమవారం, ఉదయం 11:05

మీ పోస్టు చదివి మనసు బరువెక్కింది వేఫర్ గారూ. ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని చిప్‌లు డిజైన్ చేసేవాళ్ళు ఎంతమందో కదా. ఫ్యాబ్ కూడా వస్తే చూడాలని ఉంది.

నాలుగో_సెమిస్టర్ | సోమవారం, సాయంత్రం 4:40

ఇప్పుడున్న ఎపిక్ ప్రాసెసర్లు ఆప్టెరాన్‌కి కొనసాగింపేనా? వాటిలో కూడా ఈ రెండు బావుల పద్ధతే ఉంటుందా?

రాక్‌మౌంట్ | సోమవారం, రాత్రి 8:10

వారసులే. 2017 జూన్‌లో ఏఎండీ ఆప్టెరాన్ పేరు పక్కన పెట్టి ఎపిక్ పేరుతో వచ్చింది. మొదటి తరం నేపుల్స్‌లో ఒక్క ప్యాకేజీలో నాలుగు సిలికాన్ ముక్కలు, ఒక్కోదానికి రెండేసి మెమరీ చానెళ్ళు. అంటే ఒక్క సాకెట్‌లోనే నాలుగు బావులు! దానితో చాలామందికి తలనొప్పి వచ్చింది. వర్చువల్ మెషీన్ ఒక ముక్క మీద, దాని మెమరీ ఇంకో ముక్క దగ్గర పడితే వేగం పడిపోయేది. 2019లో వచ్చిన రోమ్‌లో ఆ తప్పు దిద్దారు. కోర్లని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, మెమరీ కంట్రోలర్లన్నీ మధ్యలో ఒకే పెద్ద ముక్కలో పెట్టారు. ఉమ్మడి పెరడు, అందరికీ దాదాపు ఒకే దూరం. అయినా రెండు సాకెట్లు పెడితే రెండు పెరళ్ళే. 2218లో నేర్చుకున్నది 64 కోర్ల మెషీన్ మీద నేను ఈరోజుకీ వాడుతున్నాను.

గోదారి_ల్యాబ్ | బుధవారం, సాయంత్రం 5:50

డేబియన్ 12 పడింది. ఇవాళ మొదటి ల్యాబ్ క్లాసు పెట్టాను.

నుమాసీటీఎల్ అనే కమాండ్ వేసి హార్డ్‌వేర్ చూపించమంటే రెండు నోడ్‌లు (ఒక్కో ప్రాసెసర్, దాని మెమరీ కలిపి ఒక నోడ్), ఒక్కోదాని కింద 8 జీబీ. కింద దూరాల పట్టిక: తనకి తాను 10, పక్కదానికి 20. మెమరీలో పెద్ద వరస పెట్టి పదే పదే చదివే చిన్న సీ ప్రోగ్రామ్ పిల్లలతోనే రాయించాను. సున్నా నోడ్‌లో కోర్, సున్నా నోడ్‌లో మెమరీ ఇస్తే 38 సెకన్లు. కోర్ అదే, మెమరీ మాత్రం ఒకటో నోడ్‌ది ఇస్తే 52 సెకన్లు. మూడుసార్లు వేసినా అటూ ఇటుగా అదే. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు. వెనక బెంచీలో ఎప్పుడూ ఫోన్ చూసుకునే కుర్రాడు ముందుకొచ్చి, నాకు ఒకసారి ఇవ్వండి సార్ అని కీబోర్డు తీసుకున్నాడు.

ఇంకో సంగతి. క్లాసు అయ్యాక కెర్నల్ లాగ్‌లో ఈడాక్ (మెమరీ ఎర్రర్లని లెక్కపెట్టే కెర్నల్ భాగం) సందేశాలు వస్తున్నాయి. ఒకటో నోడ్‌లో సరిదిద్దిన ఎర్రర్లు 14 అని. ఇది ప్రమాదమా?

కెర్నల్_కబుర్లు | బుధవారం, రాత్రి 7:20

ప్రమాదం కాదు, ఈసీసీ తన పని తాను చేస్తోంది. ఒక స్టిక్కులో అప్పుడప్పుడు ఒక బిట్ తిరగబడుతోంది, మెమరీ కంట్రోలర్ సరిదిద్ది లెక్క రాస్తోంది. మామూలు డెస్క్‌టాప్ అయితే ఆ 14 సార్లూ తప్పు డేటా నిశ్శబ్దంగా వెళ్ళిపోయేది. ఆ సందేశంలో ఏ వరస, ఏ చానెల్ అన్నది కూడా ఉంటుంది. దాన్ని బట్టి స్టిక్కు పట్టుకోండి. వీటిని జతలుగా పెట్టాలి కాబట్టి తీసేటప్పుడు జత మొత్తం తీయండి. 12 జీబీతో నడుస్తుంది.

నాలుగో_సెమిస్టర్ | బుధవారం, రాత్రి 7:45

తీయకండి సార్! ఎర్రర్ వచ్చినప్పుడు లెక్క పెరగడం మేమూ చూడాలి. మాది వేరే కాలేజీ, కానీ బస్సులో గంట ప్రయాణమే. మీరు అనుమతిస్తే శనివారం మా ఫ్రెండ్స్ ముగ్గురం వస్తాం.

గోదారి_ల్యాబ్ | బుధవారం, రాత్రి 8:05

తప్పకుండా రండమ్మా. మీ కాలేజీ ఐడీ కార్డులు తెచ్చుకోండి, గేటు దగ్గర అడుగుతారు. పది గంటలకల్లా వస్తే మధ్యాహ్నం దాకా మెషీన్ మీకే. ఆ జత శనివారం దాకా ఉంచుతాను, మీరు చూశాక తీద్దాం. చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఉంటే తెచ్చుకోండి, రెండో హీట్‌సింక్ ఈసారి మీ చేత విప్పిస్తాను.